ఎడమచేతి తొడుగు

బ్రెస్ట్ రేవులో గురువారం సాయంత్రం.
వాన పడటం లేదు, గాల్లో నిలబడి ఉంది.
గ్రంథాలయం వెనక గదిలో
ఐదు కుర్చీలు వేస్తాను. ఆరోది వేయను.
అయినా వాడొచ్చి కూర్చుంటాడు,
నూట ఎనభై పేజీల మనిషి,
ఊరి పేరు లేని నవలలో తంతి బంట్రోతు.

వాడు చేసిందల్లా ఇంతే:
తల్లికి బాగాలేదు, వెంటనే రమ్మన్న తంతిని
మూడు రోజులు జేబులో పెట్టుకు తిరిగాడు.
అందాల్సినవాడు అందుకుని వెళ్లేసరికి
గోతి మీది మట్టి తడారిపోయింది.
ఎందుకయ్యా అంటే
"జేబులో వెచ్చగా ఉంది" అన్నాడు.
నవల మొత్తానికి వాడిచ్చిన సంజాయిషీ అదొక్కటే.

మదాం కెర్వెల్ల
ముప్పై ఒక్క ఏళ్లు న్యాయపీఠం మీద కూర్చున్న మనిషి,
ఇప్పటికీ కుర్చీకి వెన్ను ఆనించదు.
"నా ముందు బోనెక్కిన వాళ్లంతా
కారణాలు మూటగట్టుకుని వచ్చారు.
తాగి ఉన్నాం, అప్పులు, చలి, తమ్ముడు రెచ్చగొట్టాడు.
సగం అబద్ధాలే.
అయినా ఆ మూట విప్పుతున్నంతసేపూ
నన్నొక మనిషిగా లెక్కేస్తున్నారనిపించేది.
వీడు వట్టి చేతులతో వచ్చాడు.
శిక్ష వేయాల్సింది అందుకు."

చేపలమ్మే యాన్‌బెర్ నవ్వాడు,
గోళ్ల కింద ఇంకా పొలుసులు మెరుస్తున్నాయి.
"గాలానికెందుకు చిక్కావని చేపనడిగితే
నోరు తెరుస్తుంది, మూస్తుంది.
మీరు దాన్ని పొగరంటారు మదాం,
నేను ఊపిరాడకపోవడం అంటాను."

నోల్వెన్‌కి పంతొమ్మిదేళ్లు.
స్వేచ్ఛ అన్న మాట వింటే చాలు
కుర్చీ అంచుకి జరుగుతుంది.
"వాడు అబద్ధమాడలేదు. అది చాలదా?"

"చాలదు," అంది సొవాజిగ్.
అన్నాక చాలాసేపు కప్పులో చెంచా తిప్పింది,
చక్కెర వేసుకోకుండానే.

రాత్రి డ్యూటీ నర్సు ఆమె.
తలుపులు తట్టి కబురు చెప్పడం ఆమె కొలువులో సగం.
"కొడుకు గురించి ఒక్క వాక్యం ఉంది.
అతను టోపీ తీశాడు.
అంతే, తర్వాత అధ్యాయం మారిపోతుంది.
మూడు వారాలుగా మీరు తూస్తున్నది బంట్రోతునే.
తక్కెడ రెండో పళ్లెంలో
ఆ టోపీ ఎవరూ పెట్టరేం?"

మదాం కళ్లజోడు తీసి తుడుచుకుంది.
తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడిచింది.

నేను కుర్చీలు వేసేవాణ్ణి, నన్నెవరూ అడగరు.
అడిగితే చెప్పేవాణ్ణి,
నూట పన్నెండో పేజీ అంచున
ఎవరో పెన్సిల్‌తో రాసి చెరిపేసిన మాట సంగతి.
దీపానికి ఏటవాలుగా పట్టుకుంటే తేలుతుంది:
నేనూ.
దస్తూరీ ఎవరిదో పోల్చుకోలేకపోయాను.
పోల్చుకోలేకపోయాననే చెబుతాను.

అందరూ వెళ్లాక
కుర్చీ కింద సొవాజిగ్ ఎడమచేతి తొడుగు.
బూడిదరంగు ఉన్ని,
బొటనవేలి దగ్గర ఎర్రదారంతో కుట్టిన చిరుగు.
కిటికీలోంచి ట్రామ్ స్టాపు కనిపిస్తోంది.
ఆమె బ్యాగులో వెతుక్కుంటోంది,
వేళ్ల మీద ఊదుకుంటోంది.
ట్రామ్‌కి నాలుగు నిమిషాలుంది.
మెట్లు ఇరవై రెండు.
లెక్కపెట్టాను, దిగలేదు.
కిటికీ తెరిచి ఒక్క కేక వేస్తే వినబడే దూరం.
ట్రామ్ వచ్చింది. తలుపులు మూసుకున్నాయి.
అప్పుడు తొడుగుని జేబులో పెట్టుకున్నాను.

వచ్చే గురువారం ఇచ్చేస్తాను.
పిలవొచ్చుగా అంటుంది.
వాన అంటాను. మోకాలు నొప్పంటాను.
అప్పటికే వెళ్లిపోయావంటాను.
ఇప్పట్నించే మూట కడుతున్నాను,
మదాం మెచ్చుకునేంత మూట.

దీపాలార్పి, జేబులో చెయ్యి పెట్టి చూశాను.
ఉన్ని తడిగా ఉంది, మంచులా ఉంది.
ఎంతసేపు పట్టుకున్నా వెచ్చబడలేదు.

నోల్వెన్‌కి ఈ సంగతి చెప్పాలి.